శికంజాలు

కల్వకుర్తిల పొద్దుగూకేటప్పుడు
రోడ్డు పక్క కోతమిషన్లు ఒక్కటొక్కటే బందైతయ్.
అప్పుడు ఇనొస్తది మా దుకాణంల
గర్... గర్...
పాత ఉలి ఇనుపకడ్డీని గీకే సప్పుడు.

అది నా పని. పద్నాలుగేండ్లప్పటి సంది.

ఏడాది దాకా రందా ముట్టనియ్యలే కనకాచారి.
"ముందుగాల శికంజా తుడుసుడు నేర్వు" అన్నడు.
అంట్లు తోమినట్టే గదా అనుకున్న.

రెండు చెక్కలకు జిగురు రాసి
నడుమ సందు లేకుంట
రాత్రంత కరిచి పట్టుకునే ఇనుప దవడ అది.
మర బిగిస్తుంటే జిగురు పాలపొంగు లెక్క
అంచులెంబడి బయటికొస్తది.
చెక్క మీదిది అందరు తుడుస్తరు, గిరాకి సూస్తడని.
ఇనుము మీదిది ఎవలు తుడువరు.
తెల్లారేసరికి అది ముదురుపాకమై
మర గాట్లల్ల కూసుంటది,
దవడ మీద పొక్కై లేస్తది.
మల్ల బిగిస్తే ఆ పొక్కు
కొత్త టేకు తలుపుకు గుంట పెడ్తది.
"తడి మీదైతే గుడ్డతోని పోతది,
ఎండినంక నీ గోర్లు పోతయ్" అనేటోడు చారి.

ఆముదానికి మాకు కొదువ లేదు.
ఊరు దాటితే అన్ని ఆముదపు చేన్లే.
చారి పెండ్లాం ఈరమ్మ చిప్పల పోసిచ్చేది.
పసిపిల్ల తలకు పెట్టినంత నెమ్మదిగ
గాటు గాటుకు వేలితోని పుయ్యాలె,
మల్ల పొడిగుడ్డతోని తుడిచెయ్యాలె,
చెక్కకంటితే రంగు పట్టదు.
దవడల కింద పాలపాకెట్ల ముక్కలు పెట్టుడు
ఆమె ఉపాయమే. జిగురు దాన్ని పట్టదు.
చారి అది తన ఉపాయమని చెప్పుకునేటోడు.

మాయి ఆరే. పెద్ద తలుపులొస్తే సాలకపోయేయి.
ఎదురుంగ గౌస్ మియా కాడ ఇంకో ఎనిమిది.
చిట్టీ లేదు, కిరాయి లేదు.
తెచ్చుకున్నోడు తుడిచియ్యాలె, గంతే.

ఒక ఎండకాలం, బడి బెంచీల కాంట్రాక్టు కాడ
ఇద్దరికి చెడింది.
ఏమేం అనుకున్నరో నాకెరుక లేదు,
గౌస్ మియా చాయ్ హోటల్ మార్చిండు.
మూడోనాడు ఆయన పోరడు
మా శికంజాలు మూడు గడప ముందట పడేసి పోయిండు.
మర నిండ జిగురు, దవడ నిండ జిగురు,
ఎండి, పసుప్పచ్చగ, గాజు లెక్క.
తిట్టినా అంతగనం తాకకపోవు.

చారి ఏమనలే.
మా కాడున్న ఆయన ఐదింటిని ముందటేసుకున్నడు.
మనం గూడ గట్లనే ఇస్తం అనుకున్న నేను.
ఉడుకునీళ్ల గుడ్డ చుట్టి నానబెట్టిండు. గీకిండు.
ఎండలేసిండు. ఆముదం పూసిండు, తుడిచిండు.
మర ఒక్కొక్కటే కొసదాక తిప్పి సూసి
"తీస్కపో" అన్నడు.
"ఏమన్న చెప్పాల్నా?"
"అవే చెప్తయ్ తియ్యి."

గౌస్ మియా ఒకటందుకొని
ఒక్క వేలితోని మర తిప్పిండు. జర్రున తిరిగింది.
"నీ పేరేంది?" అన్నడు,
రెండేండ్ల సంది నన్నెరిగిన మనిషి.
"జంగయ్య."
చాయ్ తాపిచ్చి పంపిండు.

కలిసిండ్రా అంటే, లేదు.
బెంచీల పైసల మాట ఇద్దరు పొయ్యేదాక తెగలే.
శికంజాలు మాత్రం రోడ్డు దాటుతనే ఉండె.

నిన్న రాత్రి గౌస్ మియా పోరడు,
పోరడంటే ఇప్పుడు గడ్డం నెరిసింది,
నాలుగు తెచ్చి బల్ల మీద పెట్టిండు.
మూడు సాఫ్. నాలుగోదాని మర కింద
ఆవగింజంత జిగురు.
నేనేమనలే, లైటు కిందికి జరిపిన.
సూసిండు. సెప్పులిడిచి లోపలికొచ్చి
పొట్టు మీదనే కూసున్నడు.
"ఉలి ఇటియ్యి" అన్నడు.